సింగపూర్‌లో ఒక సెమిస్టరు: శనాదివారాల్లో ఏ అడవికి వెళ్లాలి, ఏ ప్యాకేజీకి దండం పెట్టాలి

సెమిస్టరు మొదలైన రెండో వారానికే హాస్టల్ వాట్సాప్ గ్రూపుల్లోకి ఒక పోస్టరు వచ్చేస్తుంది. శుక్రవారం సాయంత్రం సింగపూర్‌లో బస్సెక్కడం, మలేషియాలోని టియోమన్ దీవిలో పగడాలు చూడడం, ఆదివారం రాత్రికి మళ్లీ గదికి. ఒక సెమిస్టరు చదువుకోడానికి ఎక్స్‌ఛేంజ్ మీద వచ్చినవాళ్లలో చాలామంది మొదట డబ్బు పోగొట్టుకునేది దీని మీదే. దీవి తప్పేమీ లేదు, దీవి బంగారం. తప్పంతా ఆ రెండు రోజుల లెక్కది.

క్లాసు అయ్యాక ఆరింటికి బయల్దేరారనుకోండి. శుక్రవారం సాయంత్రం ఉడ్‌ల్యాండ్స్ సరిహద్దు దగ్గర సింగపూర్‌వాళ్లలో సగం మంది వంతెన అవతల మలేషియాలోని జొహోర్ వైపే పోతున్నట్టు ఉంటుంది. ఇటు ఒక ఇమిగ్రేషన్, వంతెన దాటాక అటు ఇంకొకటి, రెండు చోట్లా సామానుతో సహా బస్సు దిగాలి. రెండు మూడు గంటలు అక్కడే హరీ. జొహోర్‌లోని లార్కిన్ బస్టాండు నుంచి మెర్సింగ్ రేవుకు ఇంకో రెండు, రెండున్నర గంటలు. అర్ధరాత్రి దిగితే రేవు చీకటిగా ఉంటుంది, రాత్రిపూట ఫెర్రీలు ఉండవు. తెల్లారాక వెంటనే ఎక్కేస్తామనుకుంటే అదీ కాదు. మెర్సింగ్ నది మొగ దగ్గర నీళ్ల లోతు తక్కువ. ఆటు వేళ పడవ అడుగు ఇసుకకు తగులుతుంది కాబట్టి ఫెర్రీ వేళలు రోజూ సముద్రాన్ని బట్టి మారిపోతుంటాయి. టికెట్ మీద ఉన్న టైముకు కాదు, నీళ్లు వచ్చినప్పుడే ప్రయాణం. పదకొండుకు పోటు వస్తే దీవిలో దిగేసరికి ఒంటిగంట. ఆదివారం తిరుగు పడవకూ ఇదే గొడవ. అన్నీ పోను దీవిలో మిగిలేది 20, 22 గంటలు, అందులో ఎనిమిది నిద్రకే పోతాయి.

అయినా వెళ్లి తీరాలనుకుంటే, డబ్బు కట్టేముందు నిర్వాహకుణ్ణి మూడు విషయాలు అడిగి జవాబు రాతలో తీసుకోండి. ఒకటి, బస ఏ ఊళ్లో? ఫెర్రీ గెంటింగ్, పాయా, తెకెక్, ఎయిర్ బటాంగ్, సలాంగ్ అని ఊరూరా ఆగుతుంది, వీటిలో చాలావాటి మధ్య రోడ్డే లేదు. తప్పు రేవులో దిగితే పడవ మాట్లాడుకోవాల్సిందే, ఆ పడవవాడు మీ అవసరం చూసి రేటు చెబుతాడు. రెండు, గది ఏసీదా, ఫ్యానుదా? ‘సముద్రం ఎదురుగా గది’ అని మాత్రమే రాసి ఉంటే ఫ్యాను గది అనే అనుకోండి, నూటికి తొంభైసార్లు అదే నిజం. మూడు, మెరైన్ పార్క్ రుసుము కలిపారా? విదేశీయులకు 30 రింగిట్లు, రేవు దగ్గరే కట్టించుకుంటారు. ప్యాకేజీలో ‘అన్నీ కలిపి’ అన్న మాట ఈ ముప్పై దగ్గరే మొదట బెడిసికొడుతుంది. డబ్బు మెర్సింగ్‌లోనే తీసి పెట్టుకోండి, దీవిలో ఏటీఎం కోసం తెకెక్ దాకా పోవాలి.

సరైన పద్ధతి ఏమిటంటే, దీన్ని శనాదివారాల జాబితాలోంచి తీసేసి సెమిస్టరు మధ్యలో వచ్చే వారం సెలవులకు దాచుకోవడం. కనీసం మూడు రాత్రులు. ఆగస్టులో వచ్చినవాళ్లు అక్టోబరు లోపలే ముగించుకోవాలి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఈశాన్య రుతుపవనాలకు సముద్రం అల్లకల్లోలమవుతుంది, ఫెర్రీలు తగ్గిపోతాయి, చాలా బసలకు తాళాలు పడతాయి. జనవరిలో వచ్చినవాళ్లకు ఏప్రిల్ నయం. సాయంకాలం ఇసుకలో కూర్చునేవాళ్లకు ఒక హెచ్చరిక: దోమకంటే చిన్న ఈగలు కుడతాయి, ఆ దురద వారం రోజులుంటుంది. మోకాళ్ల కింద కొబ్బరినూనె దట్టంగా రాసుకుంటే కొంత మేలు.

ఇంకో ఉచ్చు కూడా ఉంది. టియోమన్‌లో సుంకం లేని దుకాణాలు ఉంటాయి, బీరు చవక. కానీ మలేషియా నుంచి సింగపూర్‌లోకి వచ్చేవాళ్లకు మద్యం మీద సుంకం మినహాయింపు ఏమీ లేదు, ఒక్క డబ్బాకు కూడా. చెప్పి సుంకం కట్టాలి, లేదా అక్కడే తాగేసి రావాలి. దాచి తెస్తే జరిమానా పడుతుంది. కాగితాల సంగతి: 2023 డిసెంబరు 1 నుంచి భారత పాస్‌పోర్టుకు మలేషియా 30 రోజులు వీసా లేకుండా రానిస్తోంది. ఆ సడలింపును దఫాలవారీగా పొడిగిస్తున్నారు కాబట్టి వెళ్లేముందు ఒకసారి చూసుకోవాలి. ప్రయాణానికి ముందు మూడు రోజుల లోపల వాళ్ల డిజిటల్ అరైవల్ కార్డు నింపాలి. ఇది నింపని ఒక్కడి వల్ల గుంపంతా కౌంటరు పక్కన నిలబడి మొహాలు మాడ్చుకోవడం ప్రతి శుక్రవారం కనిపించే దృశ్యమే.

మరి మామూలు శనివారానికి? సింగపూర్‌లోనే ఉన్న చిన్న దీవి, పులావ్ ఉబిన్. తనా మెరా స్టేషన్ నుంచి 2వ నంబరు బస్సు చాంగీ విలేజ్ దాకా వెళ్తుంది, అక్కడి రేవులో చెక్క పడవ. మనిషికి 4 సింగపూర్ డాలర్లు, చేతికి నగదే ఇవ్వాలి. పడవలో 12 మంది, అంతమంది పోగయితేనే కదులుతుంది. తొందరైతే 48 డాలర్లూ మీరే కట్టుకుని వెళ్లొచ్చు. ఉదయం ఎనిమిదికి వెళ్తే పది నిమిషాల్లో నిండుతుంది. సాయంత్రం ఆరు దాటాక తిరుగు రేవులో ఇద్దరే మిగిలితే ఆ 48 మీ నెత్తినే పడుతుంది, కాబట్టి అయిదున్నరకల్లా రేవు చేరండి.

దీవిలో అందరూ మోసపోయేది అద్దె సైకిలు దగ్గర. రేవు దిగగానే వరసగా దుకాణాలు, చవకది 8 డాలర్ల దగ్గర మొదలై మంచిది 15 దాటుతుంది. ఎనిమిది డాలర్ల బండి ఎందుకు వద్దో, దీవిలో అందరూ చూడబోయే చెక్ జావా అనే తీరపు చిత్తడినేల దారి చెబుతుంది. ఆఖరి భాగంలో కంకర రోడ్డు, ఎత్తుపల్లాలు. బ్రేకు సరిగ్గా పట్టని బండి దిగువలో కంకర మీద జారుతుంది, అరచేతులూ మోకాళ్లూ గీరుకుపోయినవాళ్లు ప్రతి వారాంతం కనిపిస్తారు. బండి తీసుకునేటప్పుడు డబ్బివ్వకముందే దుకాణం ముందు యాభై గజాలు తొక్కండి. రెండు బ్రేకులూ విడివిడిగా పట్టి చూడండి, గేరు మారుస్తూ చైను జారుతుందేమో చూడండి, సీటు ఎత్తు వాళ్ల చేతే సరిచేయించండి. దిగువలో ముందు బ్రేకు ఒక్కటే నొక్కకండి. ‘దిగి నడిపించండి’ అన్న బోర్డు ఉన్నచోట నామోషీ పడక దిగండి.

రేవు నుంచి చెక్ జావా సుమారు 3 కిలోమీటర్లు, ఉదయం 8.30 నుంచి సాయంత్రం 6 దాకా తెరిచి ఉంటుంది, ప్రవేశం ఉచితం. సైకిలు బయటే పెట్టాలి. సముద్రం మీదుగా, మడ అడవి గుండా చుట్టి వచ్చే 1.1 కిలోమీటర్ల నడకబాట, మధ్యలో ఎక్కి చూసే 20 మీటర్ల జెజావి గోపురం. కోరింగ చెక్కబాట మీద నడిచినవాళ్లు, ఇదీ అదే కదా అని తేలిగ్గా తీసుకుంటారు. మడచెట్ల ఊపిరివేళ్ల వరకు అదే. తేడా అంతా సముద్రం వైపు బాటలో ఉంది, అదీ ఆటు వేళే. నీటిమట్టం 0.5 మీటరుకు దిగినప్పుడు గడ్డి మైదానంలా సముద్రపు గడ్డి, పీతలు, అదృష్టముంటే నక్షత్ర చేపలు బాట మీంచే కనిపిస్తాయి. పోటు వేళ వెళ్తే కనిపించేవి నీళ్లు, వాటి మీద ఎండ, అంతే. ఆటుపోట్ల పట్టిక ముందురోజు చూసుకోకుండా వెళ్లడం దండగ. ఈ చోటు 2001లో పూడ్చేయాల్సింది, జనం పట్టుబడితే ఆ ఏడాది చివర్లో ప్రభుత్వం పనులు ఆపింది.

కుళాయి నీళ్లు ఈ దీవికి లేవు, తలకు లీటరున్నర పట్టుకెళ్లండి. శాకాహారులకు తిండి కష్టం, అక్కడి హోటళ్లన్నీ చేపలూ పీతలూనే. పులిహోర కట్టుకెళ్లడం ఉత్తమం, మధ్యాహ్నం దాకా చెక్కుచెదరదు. పెరుగన్నం మాత్రం పదకొండుకే పులిసిపోతుంది. పొట్లం చేతిలో ఊపుకుంటూ నడవకండి, కోతులు ప్లాస్టిక్ సంచి చప్పుడు పసిగడతాయి. అడవిపందులు రేవు దాకా వస్తాయి. జాలిపడి వేటికైనా ముద్ద పెడితే మొదటి తప్పుకే 5,000 డాలర్ల దాకా జరిమానా. అన్నట్టు ఈ దీవిలో గ్రానైటు గనుల గుంతలు ఇప్పుడు చెరువులయ్యాయి. 1924లో తెరిచిన జొహోర్ వంతెనకు రాయి పోయింది ఇక్కడినుంచే. శుక్రవారం రాత్రి తిట్టుకుంటూ దాటేది ఈ రాయి మీదనే.

మాక్‌రిచీ జలాశయం చుట్టూ ఉన్న అడవి గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. 250 మీటర్ల వేలాడే వంతెన బాగుంటుంది, కానీ దానికోసం పది కిలోమీటర్ల పైచిలుకు నడవాలి, ఎనిమిదో కిలోమీటరు దగ్గర గుంపులో మాటలు ఆగిపోతాయి. వంతెన సోమవారం మూత, ఉరుములొచ్చినా మూత. అందుకే మధ్యాహ్నం పెట్టుకోకండి, వానలు ఎక్కువగా అప్పుడే.

చవకగా, నిజంగా కళ్లు నిండేది సుంగై బులో అనే చిత్తడినేలల అభయారణ్యం. క్రాంజీ స్టేషన్ నుంచి 925 బస్సు, ప్రవేశం ఉచితం, ఉదయం 7 నుంచి సాయంత్రం 7 దాకా. సెప్టెంబరు నుంచి మార్చి దాకా సైబీరియా వైపు నుంచి ఉల్లంకి పిట్టలు దిగుతాయి. ఇక్కడి సూత్రం చెక్ జావాకు పూర్తిగా తలకిందులు: పోటు వేళే రావాలి. ఆటులో పిట్టలు బయట బురదమేటల మీద మేస్తూ దూరంగా చుక్కల్లా ఉంటాయి. పోటుకు మేటలు మునిగాక అవన్నీ లోపలి మడుగుల్లోకి వచ్చి మీ ఎదుటే గుంపుగా నిలబడతాయి. వంతెన కింద నీళ్లలో దుంగలా తేలేది నిజం మొసలే. గట్టు మీద నాలుక చాపుతూ నడిచేది ఉడుము, దాన్ని చూసి కేకలు పెట్టి పిట్టల్ని లేపేయకండి, కెమెరాలు పట్టుకుని పొద్దున్నుంచి కూర్చున్నవాళ్లు ఊరుకోరు. ఒకే శనివారం ఉదయం ఆటుకు ఉబిన్, సాయంత్రం పోటుకు బులో చూసేద్దామన్న ఆలోచన మాత్రం మానుకోండి. ఒకటి ఈ చివర, ఇంకొకటి ఆ చివర. బస్సులూ రైళ్లూ కలిసి రెండు గంటల పైమాటే పడుతుంది, ఆరున్నరకు చేరితే ఏడింటికి గేటు మూసేస్తారు.