అమ్మమ్మ కాసును కరిగించని అంగడి

తిరుపతి గాంధీ రోడ్డులో పెద్ద నగల దుకాణాల నడుమ ఇరుకు మెట్లెక్కితే ఈ అంగడి వస్తుంది. బోర్డు లేదు, వచ్చినవాళ్లు కూర్చోవడానికి ఒకటే బల్ల. పాత నగల మరమ్మతు తప్ప మరో పని పెట్టుకోరు. మా అమ్మమ్మ కాసులపేరులో నడిమి కాసుకు కొండి ఊడిపోతే వెళ్లాను.

అంతకుముందు ఒక పెద్ద దుకాణంలో చూపించాను. పేరెందుకు లెండి. అక్కడి అబ్బాయి కాసును తిరగేసి కూడా చూడలేదు. "కరిగించి కొత్తది చేయించుకోండి మేడమ్, తరుగులో తగ్గిస్తాం" అన్నాడు.

ఇక్కడి ఆచారి గారు ముందు దాన్ని కుంకుడు రసంలో నానబెట్టారు. మెత్తటి కుంచెతో తోమి, భూతద్దం పెట్టుకుని చాలాసేపు మాట్లాడలేదు. నిలబడిన మనిషి, ఎదురుగా మోకరిల్లిన మనిషి, మధ్యలో జెండా కర్ర. అమ్మమ్మ లెక్కలో వాళ్లు రాముడు, ఆంజనేయుడు. "కాదు తల్లీ, ఇది పుతలీ కాసు" అన్నారాయన. అంచున అరిగిన ఇంగ్లీషు అక్షరాలను ఒక్కొక్కటే చదువుతుంటే సంచిలోని చీటీ మీద రాసుకున్నాను. కూడబలుక్కుంటే 'లుడో మానిన్' అని వచ్చింది.

ముప్పయ్యేళ్లు సాంఘికశాస్త్రం చెప్పినదాన్ని, ఇంటికి వెళ్లి ఊరుకోగలనా? లుడోవికో మానిన్ ఇటలీలోని వెనిస్ గణతంత్రానికి 120వ డోజ్, అంటే ఎన్నికై జీవితాంతం పదవిలో ఉండే అధిపతి. అతనే ఆఖరివాడు కూడా. పుతలీ కాసంటే వెనిస్ బంగారు నాణెం. దాని మీద నిలబడినది ఆ నగరం కొలిచే క్రైస్తవ సాధువు సెయింట్ మార్క్, మోకరిల్లినది డోజ్. మన మోటుపల్లి గురించి రాసిన మార్కో పోలోది ఆ ఊరే. 1498లో పోర్చుగీసు ఓడలు కాలికట్ చేరాక మిరియాల వ్యాపారంలో వెనిస్ పట్టు సడలుతూ వచ్చింది. తర్వాత వెనిస్ ఏలిన దీవులు సైప్రస్, 1669లో క్రీట్ తురుష్కుల చేతికి పోయాయి. 1789 మార్చిలో మానిన్ ఎన్నికయ్యేసరికి పండుగల ఆర్భాటమే మిగిలింది. అతని కుటుంబం 1651లో డబ్బు కట్టి ప్రభువర్గంలో చేరినది కాబట్టి పాత వంశాలకు చులకన. విదేశీ రాజుల ఉత్తరాలను సలహాదారులు లేకుండా విప్పే అధికారం కూడా డోజ్‌కు లేదు.

నెపోలియన్ సేనలు ముంచుకొచ్చాక, 1797 మే 12న వెనిస్ ప్రభువర్గపు మహాసభ కూడింది. 600 మంది ఉండాలి, వచ్చింది 537 మంది. అందులో 512 మంది గణతంత్రాన్ని రద్దు చేయడానికి ఒప్పుకున్నారు. కోరం లేకుండా! మేము పాఠశాల కమిటీ సమావేశాన్నే వాయిదా వేసేవాళ్లం. మానిన్ తన తలపాగా కింది బట్ట టోపీని తీసి, ఇక దీనితో పని లేదంటూ సేవకుడికి ఇచ్చేశాడని చెబుతారు.

రెండోసారి వెళ్లినప్పుడు ఆచారి గారికి ఇదంతా చెప్పాను. ఆయన ఏమీ అనకుండా కాసును గీటురాయి మీద గీసి చూపించారు. మేలిమి. 1284లో మొదలైన ఈ కాసును చివరిదాకా మూడున్నర గ్రాముల దగ్గరే, కల్తీ లేకుండా ముద్రించారు. దీవులు పోయినా వన్నె తగ్గించలేదు. అందుకే మన వర్తకులు నమ్మారు, నకళ్లూ పోశారు. నకళ్లలో అక్షరాలు వట్టి గీతలుగా మిగులుతాయని, మాది అసలుదేనని ఆయన మాట.

పని మాత్రం అద్భుతం. కాసుకు నిప్పు తగలకుండా చుట్టూ సన్నని బంగారు కట్టు చేసి, కొండిని ఆ కట్టుకే టంకం పెట్టి, ఆ తర్వాత కాసును అందులో బిగించారు. కట్టుకు పట్టిన బంగారం కాక మజూరీ 1,800 రూపాయలు. నాకు ఎక్కువనిపించలేదు.

లోపాలూ ఉన్నాయి. నాలుగు రోజులన్న పని పదకొండు రోజులు పట్టింది. ఫోను ఎత్తరు. రశీదు అడిగితేనే రాస్తారు, అదీ కాస్త చిరాకుగా. ఐదుకు నాలుగు ఇస్తాను. బండి పెట్టుకునే చోటు లేదు, గోవిందరాజస్వామి గుడి దగ్గర దిగి నడవడం మేలు. సాయంత్రం వెళ్లకండి, వెలుతురు తగ్గగానే భూతద్దం పెట్టెలో పెట్టేస్తారు.