వైఫై పిక్సెల్ కంట్రోలర్: వైరు లాగాకే తొండం కదిలింది

బైరాగిపట్టెడలో మా వీధి చవితి పందిరికి ఈసారి సీరియల్ సెట్లు అద్దెకు తేకుండా మేమే కట్టుకుందామని ఆన్‌లైన్లో ఈఎస్‌పీ32 పిక్సెల్ కంట్రోలర్ (లైట్లను వైఫైలో ఆడించే చిన్న బోర్డు) ఒకటి తెప్పించాను, 1,800 రూపాయలు. లైట్లు నడిపే డబ్ల్యూఎల్ఈడీ సాఫ్ట్‌వేర్ ముందే ఎక్కించి ఉంది, పక్కన నెట్‌వర్క్ వైరు పెట్టే ఈథర్నెట్ పోర్టు కూడా ఉంది. దానికి 1,000 డబ్ల్యూఎస్2811 పిక్సెళ్లు (దేనికది రంగు మార్చుకునే బల్బులు) తగిలించి, లాప్‌టాప్‌లో ఎక్స్‌లైట్స్ అనే సాఫ్ట్‌వేర్ నుంచి పాటకు తగ్గట్టు ఆడించాలని మా ప్లాను.

ఇంట్లో రౌటర్ పక్కన పెట్టి చూస్తే బ్రహ్మాండంగా ఆడింది. పందిట్లో మొదటిరోజు హారతి టైముకి జనం చేరారో లేదో, లైట్ల వినాయకుడి తొండం సగంలో నిలిచిపోయింది, చెవులు మాత్రం ఊగుతున్నాయి. ఎదురింటి పెద్దాయన "ఏమబ్బా, సామి నిద్రపోయినాడా?" అన్నాడు.

బోర్డు చెడిపోయిందని అమ్మినవాళ్లకి నాలుగు మాటలు రాసేశాను కూడా, తీరా చూస్తే తప్పు నాదే. లైట్ల డేటాని నెట్‌వర్క్‌లో పంపే ఈ1.31 పద్ధతిలో ఒక యూనివర్స్ (ఒక్క ప్యాకెట్‌లో పట్టే డేటా) అంటే 512 చానళ్లు, పిక్సెల్‌కి రంగుకొకటి చొప్పున మూడు పోతాయి కాబట్టి 170 పిక్సెళ్లు పడతాయి. వెయ్యికి ఆరు యూనివర్స్‌లు, సెకనుకు 40 ఫ్రేములు, అంటే సెకనుకు 240 ప్యాకెట్లు, వాటిని నేను మల్టీకాస్ట్‌లో, అంటే ఒక్క అడ్రసుకని కాకుండా గుంపుకి పంపినట్టు, వదిలాను. వైఫైలో మల్టీకాస్ట్‌ని రౌటర్ మామూలుగా తక్కువ వేగంతోనే పంపుతుంది, అందిందా లేదా అని చూడదు, పోయింది పోయినట్టే. పైగా మా రౌటర్ మేడ మీద, మధ్యలో రెండు గోడలు, కింద అందరి చేతుల్లో ఫోన్లు.

పొద్దున్నే మూల పడున్న పాత రౌటర్ దులిపి, ఇంటర్నెట్ ఇవ్వకుండా పందిరికే కేటాయించి, అక్కణ్ణించి కంట్రోలర్‌కి 30 మీటర్ల క్యాట్6 ఈథర్నెట్ వైరు లాగాం (100 మీటర్ల దాకా ఫర్వాలేదు). ఎక్స్‌లైట్స్‌లో డీడీపీ అనే ఇంకో పద్ధతికి మార్చి నేరుగా కంట్రోలర్ అడ్రసుకే పంపించాను, ఒక్కో ప్యాకెట్‌లో 480 పిక్సెళ్లు పడతాయి కాబట్టి ఫ్రేముకి మూడు ప్యాకెట్లతో సరి. ఇక తొండం ఆగలేదు. ఆ రాత్రే కరెంటు పోయి వచ్చింది, కంట్రోలర్ ఇంకో ఐపీ అడ్రసు తీసుకుని కూర్చుంది, నేను పంపేదేమో పాతదానికే, అరగంట టెన్షన్. ఐపీ ముందే ఫిక్స్ చేసి పెట్టుకోండి.

ఇక నా కోపమంతా బోర్డుతో వచ్చిన కాగితం మీదే. ఈథర్నెట్ పనిచేయాలంటే సెట్టింగ్స్‌లో బోర్డు రకం ఎంచుకోవాలి, అది ఏ రకమో రాయలేదు, ఒక్కొక్కటే నొక్కి చూసుకున్నాను. ఇంకోటి, లైట్లు తగిలించే ఒక్కో పోర్టుకి వెయ్యి పిక్సెళ్లట. ఒక్కో పిక్సెల్‌కి 30 మైక్రోసెకన్లు పడుతుంది, వెయ్యికి 30 మిల్లీసెకన్లు, 40 ఫ్రేములకైతే ఒక్కోదానికి దొరికేది 25 మాత్రమే. రెండు పోర్టులకి ఐదేసి వందలు పంచాకే సాఫీగా ఆడింది.

నాలుగు స్టార్లు. ఈథర్నెట్ లేని రకం అక్కడే నాలుగొందలు తక్కువకి ఉంది, ఇంట్లో తులసికోటకి చుట్టుకోడానికైతే అది చాలు.