బ్రాండ్ చూసి కారు కొన్నాను, మ్యాటింగ్ కింద వరద ఒండ్రు దొరికింది

సెకండ్ హ్యాండ్ కారు కోసం తిరుగుతున్నవాళ్లు, అందులోనూ 2024 సెప్టెంబరు విజయవాడ వరదల తర్వాత చేతులు మారిన ఏపీ 39 నంబరు బండి చూస్తున్నవాళ్లు, అడ్వాన్స్ ఇచ్చే ముందు ఒక్కసారి ఇది చదవండి. 6 లక్షల 40 వేలు పోసి నేను కొన్న కారు ఇప్పుడు సీట్లు ఊడదీసి షెడ్డులో పడి ఉంది.

మాది విశాఖ. కంపెనీ పేరు రాయడం లేదు, ఎందుకంటే తప్పు కంపెనీది కాదు. నాది.

మేం ఐదుగురం స్నేహితులం, అందరికీ కార్ల పిచ్చే. ఆదివారం పొద్దున్న బీచ్ రోడ్డులో టీ తాగుతూ ఎవరి బ్రాండ్ కోసం వాళ్లు కొట్టుకుంటాం. ఒకడికి జపాన్ ఇంజిన్ తప్ప ఇంకేదీ ఇంజిన్ కాదు. ఇంకొకడు తలుపు వేసిన చప్పుడు విని బండి గట్టిదో కాదో చెప్పేస్తాడు. మూడోవాడు ఎన్‌క్యాప్ స్టార్లు, అంటే క్రాష్ టెస్టులో బండికిచ్చే భద్రత రేటింగు, లెక్కపెడతాడు. నా వాదన ఎప్పుడూ ఒకటే: "ఆ కంపెనీ పెట్రోల్ ఇంజిన్, ఆయిల్ టైముకి మారిస్తే కళ్లు మూసుకుని నడపొచ్చు." అది ఇప్పటికీ తప్పనను. కాకపోతే నేను కళ్లు మూసుకుని కొన్నాను కూడా.

2025 ఫిబ్రవరిలో గాజువాక వైపు ఒక బ్రోకర్ దగ్గర కనపడింది. 2021 మోడల్, తెల్ల రంగు, 41 వేల కిలోమీటర్లు. కొత్త సీటు కవర్లు, కొత్త 7డి మ్యాట్లు, తలుపు తీస్తే గుప్పుమని మల్లెపూల సెంటు. మార్కెట్ రేటు కన్నా 70 వేలు తక్కువ. "ఓనరు అబ్బాయి అమెరికా వెళ్లిపోతున్నాడు సార్, అందుకే అర్జెంటు" అన్నాడు. ఊళ్లో అమ్మకానికి ఉన్న ప్రతి బండి ఓనరూ అమెరికాయే వెళ్తాడని నాకు అప్పటికే తెలుసు, అయినా నమ్మాను. మరుసటి శుక్రవారం సంపత్ వినాయకుడి గుడి దగ్గర పూజ కూడా చేయించాం.

రెండు నెలలు ఏమీ లేదు. ఏప్రిల్లో ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగింది. సెన్సర్ అయి ఉంటుందిలే అనుకున్నాను. తర్వాత ఎడమ అద్దం దిగి మళ్లీ ఎక్కలేదు. జూన్‌లో మొదటి గట్టి వానకి, ఇంట్లోవాళ్లతో వస్తుంటే హనుమంతవాక సిగ్నల్ దగ్గర స్టీరింగ్ బిగుసుకుపోయి ఇంజిన్ ఆగిపోయింది. వెనక బస్సు హారన్, లోపల పిల్లల ఏడుపు. ఆ టెన్షన్ చెప్పలేను.

మా పాత మెకానిక్ స్కానర్ పెడితే ఒకదానికొకటి సంబంధం లేని ఎర్రర్ కోడ్‌లు వరసగా వచ్చాయి. ఆయన ఇంకేమీ మాట్లాడకుండా డ్రైవర్ సీటు విప్పి మ్యాటింగ్ ఎత్తాడు. కింద ఫోమ్ చెమ్మగా ఉంది. వేలితో గీస్తే మెత్తటి ఒండ్రు. వైరింగ్ కనెక్టర్లు విప్పితే పిన్నులన్నీ పచ్చగా చిలుము పట్టి ఉన్నాయి. "బాబూ, ఇది నీళ్లు తాగిన బండి. సీటు దాకా మునిగింది" అన్నాడు.

ఆర్సీ పట్టుకుని కంపెనీ సర్వీస్ సెంటర్‌కి వెళ్తే కంప్యూటర్‌లో చూసి చెప్పారు. 2024 జులై దాకా సర్వీసులన్నీ విజయవాడలో సక్రమంగా జరిగాయి. సెప్టెంబరులో బండిని టోయింగ్ మీద తెచ్చారు, ఎస్టిమేట్ వేశారు, పని మాత్రం చేయలేదు. ఆ తర్వాత ఆ రికార్డులో ఒక్క ఎంట్రీ లేదు. ఆ సెప్టెంబరు 1న విజయవాడలో బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్ వైపు కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉన్న సంగతి అందరికీ తెలిసిందే. రిపేరు ఖర్చు పాలసీలో ఉన్న బండి విలువలో, అంటే ఐడీవీలో, 75 శాతం దాటితే బీమా కంపెనీ దాన్ని టోటల్ లాస్ కింద, అంటే బండి పూర్తిగా పోయినట్టు లెక్కేసి, డబ్బు కడుతుంది. మొదటి ఓనర్‌కి డబ్బు వచ్చి ఉంటుంది, ఆయన్ని అనేదేమీ లేదు. అలా మిగిలిన బండ్లు తుక్కుగా వేలానికి పోతాయి. నా దానికి ఆర్సీ రద్దు కాకుండా బతికే ఉంది కాబట్టి ఎవరో కొని, కడిగి, ఆరబెట్టి, సెంటు కొట్టి మన ముందు నిలబెట్టారు.

నంబరు చూసి కనిపెట్టలేకపోయావా అని మావాళ్లు అడిగారు. ఇదివరకు ఏపీ 16 అంటే కృష్ణా, ఏపీ 31 అంటే విశాఖ. 2019 నుంచి రాష్ట్రమంతా ఏపీ 39 అయ్యాక ప్లేటు చూస్తే ఏ జిల్లా బండో తెలియదు. కానీ ఆర్సీలో ఉంది కదా! 2024 నవంబరులో ఓనర్ మారాడు, మూడు నెలల్లో మళ్లీ అమ్మకం. బండిని మూడు నెలలకే ఎందుకు వదిలించుకుంటున్నాడని నేను అడగలేదు. చూపించిన ఇన్సూరెన్స్ కూడా రెండో ఓనర్ పేరు మీద కొత్తగా తీసింది. మొదటి ఓనర్ చివరి పాలసీ కాపీ, క్లెయిమ్ వివరాలు అడిగి ఉంటే బేరం అక్కడే ఆగిపోయేది.

బండి చూడ్డానికి వెళ్తే ముందు సీటు బెల్టు పట్టుకుని చివరిదాకా, ఇక రాదు అనేదాకా లాగండి. పైన ఎంత కడిగినా చుట్ట లోపల ఉన్న భాగంలో బురద చార ఉండిపోతుంది. నా బండిలో అదే ఉంది, నేను లాగలేదంతే. సీటు కింద బోల్టులు, పట్టాలు తుప్పు పట్టాయేమో ఫోన్ లైటు వేసి చూడండి. డిక్కీలో స్టెప్నీ ఎత్తి ఆ గుంతలో వేలు పెట్టండి. చాలా కార్లలో ఎయిర్‌బ్యాగ్ కంట్రోల్ యూనిట్ గేర్ రాడ్ దగ్గర నేల మీదే ఉంటుంది, కాబట్టి అడుగెత్తు నీళ్లు చాలు దాన్ని తినేయడానికి. అదీ వెంటనే చావదు, చిలుము మెల్లగా పాకుతుంది. అందుకే టెస్ట్ డ్రైవ్‌లో అంతా బాగుంటుంది. తెలిసిన మెకానిక్‌ని వెయ్యో రెండు వేలో ఇచ్చి తీసుకెళ్లండి. మ్యాటింగ్ ఎత్తనివ్వను అని అమ్మేవాడంటే అక్కడి నుంచి వచ్చేయండి.

ఇక నా సంగతి. బ్రోకర్ ఫోను ఎత్తడం మానేశాడు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చేస్తే ఫిర్యాదు రాసుకున్నారు గానీ, బ్రోకర్ పేరు ఏ కాగితం మీదా లేదు, లక్షన్నర క్యాష్‌గా ఇచ్చాను, బండి పేరు మార్పిడికి ఇచ్చే ఫారం 29, 30ల మీద ఉన్నది రెండో ఓనర్ సంతకం. "ఈ బండి వరదలో మునగలేదు, టోటల్ లాస్ కాలేదు" అని ఒక్క ముక్క రాయించి సంతకం పెట్టించుకుని ఉంటే చేతిలో ఏదో ఒకటి ఉండేది. మీరు రాయించుకోండి.

వైరింగ్ మొత్తం, మూడు కంట్రోల్ యూనిట్లు మార్చడానికి 1 లక్షా 70 వేలు అవుతుందన్నారు. అంత పెట్టినా గ్యారంటీ ఇవ్వనన్నాడు మెకానిక్. ఉన్నదున్నట్టు అమ్మేద్దామని, వరదలో మునిగిన బండి అని స్పష్టంగా రాసి అమ్మకానికి పెట్టాను. మూడు వారాల్లో ఒక్క ఫోనే వచ్చింది. ఆర్సీ క్లియర్‌గా ఉందా అని అడిగాడు. మ్యాటింగ్ సంగతి అడగలేదు. అతనికి అమ్మలేదు.