పాత ట్యాంకు కిట్లలో ఏది మేలు: 1/76 ఎయిర్‌ఫిక్సా, 1/35 టామియానా?

రెండూ ప్లాస్టిక్ మోడల్ కిట్లు చేసే పేర్లే, ఎయిర్‌ఫిక్స్ బ్రిటన్‌ది, టామియా జపాన్‌ది. 1/76 అంటే అసలు ట్యాంకులో 76వ వంతు సైజు, 1/35 అంటే 35వ వంతు. అమెరికా షెర్మన్ ట్యాంకు అసలు పొడవు సుమారు 5.9 మీటర్లు. 1/76లో అది 8 సెంటీమీటర్ల లోపే, 1/35లో 17 సెంటీమీటర్ల దాకా వస్తుంది. 1960ల నాటి ఎయిర్‌ఫిక్స్ అచ్చులూ, 1970ల నాటి టామియా అచ్చులూ సెకండ్‌హ్యాండ్‌లో ఇప్పటికీ చవగ్గా దొరుకుతాయి. మొదటిసారి కట్టేవాళ్లు టామియా తీసుకోండి. ఎయిర్‌ఫిక్స్‌లో మిగిలిన డబ్బుకి ట్రాకుల (చక్రాల చుట్టూ తిరిగే పట్టీల) దగ్గర వడ్డీ కట్టాల్సి వస్తుంది.

ఎయిర్‌ఫిక్స్ ట్రాకు మైనంలా జారే పాలిథిన్. మామూలు మోడల్ జిగురు పట్టదు. రంగు వేసి వంచితే పొలుసుల్లా రాలుతుంది. ట్రాకు రెండు కొసల్నీ కలపడానికి, ఒక కొస బొడిపెల్ని రెండో కొస రంధ్రాల్లో దూర్చి, కాల్చిన పాత స్క్రూడ్రైవర్ మొనతో వాటి తలల్ని ఒక్క క్షణం నొక్కాలి. రెండు క్షణాలైతే ట్రాకు తెగుతుంది. అంత ధైర్యం లేకపోతే నల్లదారంతో కుట్టి, కుట్టును నేలవైపు తిప్పేయండి. రంగుకి ముందు నీళ్లు కలిపిన ఫెవికాల్ ఒక పూత వేస్తే కొంత నిలుస్తుంది.

టామియా వినైల్ ట్రాకులు అతకడమూ ఇలాగే, పెద్దవి కాబట్టి చెయ్యి తిరుగుతుంది. వాటి జబ్బు వేరే. వినైల్‌ని మెత్తగా ఉంచే రసాయనం ఏళ్ల తరబడి ఊరి, తాకిన ప్లాస్టిక్‌ని కరిగిస్తుంది. చక్రం మీద ట్రాకు ఆనినచోట మెరుస్తూ, వేలికి అంటుకునే గాడి కనిపిస్తుంది. వేడి దీన్ని త్వరపెడుతుంది, కాబట్టి విశాఖలో కిట్‌ని అటక మీద పెట్టొద్దు. కొనేముందు ట్రాకులు విడిగా సంచిలో ఉన్నాయో లేదో ఫొటో అడగండి. ఆ మాటకొస్తే, సీలు తీయని పెట్టె కన్నా తెరిచిన పెట్టే నయం, లోపల ఏముందో కనిపిస్తుంది.

పాత టామియాల్లో చాలావాటికి మోటారు పెట్టేవారు. హల్ (ట్యాంకు ఒళ్లు) అడుగున స్విచ్ కంతలు, ట్రాకు పైన అడుగు లేని ఖాళీలు ఉంటాయి. 0.5 మిల్లీమీటర్ల స్టైరీన్ (కిట్ల ప్లాస్టిక్కే) షీటు కత్తిరించి మూయాలి. స్టేషనరీ షాపు ఫైల్ కవర్లు పనికిరావు, అవి పాలీప్రొపిలీన్, జిగురు పట్టదు. అడుగున త్రికోణంలో 6 అంకె ఉన్న పెరుగు కప్పు స్టైరీనే. సన్నటి సందులకు ఫెవిక్విక్‌లో టాల్కం పౌడర్ కలిపి పూసి, గంటలోపే గరుకు కాగితం పట్టండి. మర్నాటికి రాయవుతుంది.

డెకాల్స్ (నీళ్లలో నానబెట్టి అతికించే గుర్తులు, అంకెలు) రెండింట్లోనూ పసుపుబారే ఉంటాయి. ప్లాస్టిక్ సంచిలో పెట్టి, బొమ్మ ఎండవైపు ఉండేలా కిటికీ అద్దానికి వారం అతికిస్తే తెల్లబడతాయి, వానాకాలం మాత్రం వద్దు. తర్వాత అక్కర్లేని ఒక అంకెను గోరువెచ్చని నీళ్లలో వేసి చూడండి. ముక్కలైతే మిగతా షీటు మీద మెరిసే (గ్లాసీ) వార్నిష్ కొట్టి, ఆరాక ఒక్కో బొమ్మ చుట్టూ దగ్గరగా కత్తిరించాలి. ముసురులో వార్నిష్ స్ప్రే చేస్తే పాలపొరలా తెల్లబడుతుంది. డిసెంబరు, జనవరి మధ్యాహ్నాలు మేలు.

1965 యుద్ధంలో మన సైన్యం నడిపిన సెంచూరియన్ ట్యాంకు కావాలంటే పాత టామియా ఒకటి ఉంది. కాకపోతే అది మార్క్ 3, మనవాళ్లు వాడింది మార్క్ 7. చూసీచూడనట్టు పోగలిగితే తీసుకోండి. బల్లంతా ఒక దళం నిలబెట్టాలన్నా, బల్ల మీద ఆడే యుద్ధం ఆటలకి కావాలన్నా 1/76 సరే. కానీ వాటి పక్కన 1/72 మనుషుల్ని పెట్టకండి, ఎత్తులో కొద్దిగా తేడా వస్తుంది.

ఏ పెట్టైనా మీద వేసిన ఏడాదిని నమ్మొద్దు. అదే పాత అచ్చు కొత్త బొమ్మతో రెట్టింపు ధరకి వస్తుంటుంది. మోడల్ కిట్ల జాబితా ఉండే స్కేల్‌మేట్స్ సైట్‌లో కిట్ నంబరు కొడితే అచ్చు మొదట ఎప్పుడు వచ్చిందో చూపిస్తుంది.