మా స్టిల్ట్‌లో మాకే పార్కింగ్ చార్జీ: రెండు స్టార్లు

తిరుపతి బైరాగిపట్టెడలో మా అపార్ట్‌మెంట్ స్టిల్ట్ (భవనం కింద స్తంభాల మధ్య ఖాళీ) పార్కింగ్‌ను ఏడాదిగా ఒక ప్రైవేటు సంస్థ చూస్తోంది. రాత్రి కాపలా బాగుంది, అందుకే రెండు స్టార్లు. కానీ కొండకు వచ్చే యాత్రికుల కార్లు లోపలికి వదిలి, ఫ్లాట్ కొనుక్కున్న మమ్మల్ని డబ్బులడగడం అన్యాయం. మొన్న అమ్మను ఆస్పత్రి నుంచి తీసుకొచ్చేసరికి మా చోట తమిళనాడు నంబరు ఇన్నోవా. "కాసేపు రోడ్డు మీద పెట్టుకోండి సార్" అన్నాడు గేటు దగ్గర అబ్బాయి. అమ్మ మోకాళ్లు పట్టుకుని మెట్టు మీదే కూలబడింది. తెల్లారి నా వైపర్ కింద ఐదు వందల చీటీ! కట్టలేదు. స్టిల్ట్ పార్కింగ్ ఉమ్మడి స్థలమని, బిల్డర్ దాన్ని విడిగా అమ్మకూడదని 2010లో ఒక ముంబై కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ మాట రాసి, సేల్ డీడ్ జిరాక్స్ జతచేసి అసోసియేషన్‌కు ఇచ్చాను, సంతకంతో రసీదు తీసుకున్నాను. చీటీ రద్దయింది. బయటి కార్లు మాత్రం ఇంకా వస్తూనే ఉన్నాయి.