బ్యాటరీ అక్కర్లేని బటన్ తాళం: మన తలుపులకు ఎంతవరకు పనికొస్తుంది, ఎలా బిగించాలి

తలుపు ఒకటి, వాడేవాళ్లు పదిమంది. బెంగళూరులో మారతహళ్లి, బీటీఎం, మడివాళ వైపు మనవాళ్లు ఎక్కువగా ఉండే పీజీల్లో, కలిసి అద్దెకు తీసుకున్న ఫ్లాట్లలో ఈ తలనొప్పి ఎప్పుడూ ఉండేదే. డూప్లికేట్ చెవులు చేయిస్తూ పోవాలి, ఖాళీ చేసి వెళ్లినవాళ్ల దగ్గర ఒకటి ఉండిపోతుంది, చివరికి తాళమే మార్చాల్సి వస్తుంది. అలాంటి తలుపుకు బ్యాటరీ, కరెంటు, యాప్ ఏవీ అడగని మెకానికల్ బటన్ తాళం మంచి వస్తువు. కాకపోతే సరిగ్గా బిగిస్తేనే. "తాళం పాడైంది" అనే ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం తాళంలో ఉండదు, తలుపులోనో ద్వారబంధంలోనో ఉంటుంది.

ఇక్కడ చెప్పేది రెండు వరుసల్లో 14 బటన్లుండే రకం గురించి. సున్నా నుంచి తొమ్మిది దాకా అంకెలు, ఎక్స్, వై, జెడ్ అక్షరాలు, తప్పు నొక్కినప్పుడు చెరిపేయడానికి సి. కింద తిప్పే నాబ్, లోపలివైపు ఇంకో నాబ్, తలుపు అంచులో గొట్టంలా దిగే లాచ్. తలుపు మూయగానే దానంతటదే పడుతుంది. లోపలి నుంచి రావడానికి కోడ్ అక్కర్లేదు. ఎలక్ట్రానిక్ తాళంలా మనిషికో కోడ్ ఇవ్వలేం, ఎవరు ఎప్పుడొచ్చారో తెలియదు. అందరికీ ఒకటే కోడ్.

అమ్మేవాళ్లు సాధారణంగా చెప్పని సంగతి ఒకటుంది. ఈ రకంలో అంకెలు ఏ వరుసలో నొక్కినా ఒకటే. 2580 కోడ్ అయితే 8052 నొక్కినా తెరుచుకుంటుంది. ఒక అంకెను రెండుసార్లు వాడటమూ కుదరదు. కాబట్టి నాలుగంకెల కోడ్ అంటే ఏటీఎం పిన్‌లా పదివేల రకాలు అనుకోవద్దు. పది అంకెల్లోంచి నాలుగు ఏరితే వచ్చేవి 210 మాత్రమే, ఓపికున్నవాడు ఒక్క పూటలో అన్నీ నొక్కి చూడగలడు. అక్షరాలు కూడా కలిపి 13 బటన్లలోంచి ఆరు ఏరితే 1,716 వస్తాయి. అందుకే మొదటిసారే ఆరు బటన్ల కోడ్ పెట్టుకోండి, అందులో ఒక అక్షరమైనా ఉండాలి. అయిదు బటన్లే ఉండే సింప్లెక్స్ రకంలో నొక్కే వరుస కూడా లెక్కలోకి వస్తుంది, రెండు మూడు కలిపి నొక్కడమూ ఉంటుంది, కాబట్టి ఆ అయిదింటితోనే 1,082 వస్తాయి. ఏదైనా సరే, ఇంటి మెయిన్ డోర్‌కు ఈ తాళం ఒక్కటే పెట్టడాన్ని నేను ఒప్పుకోను. టెర్రస్ తలుపు, స్టోర్ రూమ్, ఆఫీసు ప్యాంట్రీ, పీజీ మెట్ల దగ్గరి తలుపు: దీనికి సరైన చోట్లు ఇవి.

కొనేముందు తలుపు మందం కొలవండి. ఈ తాళాలు ఎక్కువగా 35 నుంచి 60 మి.మీ. మందానికి చేసినవి. మన ఫ్లాట్లలో గదుల ఫ్లష్ డోర్లు చాలావరకు 30 లేదా 32 మి.మీ. ఉంటాయి. లాచ్ కోసం అంచులో 25 మి.మీ. రంధ్రం వేయాలి. 30 మి.మీ. తలుపులో అది వేశాక అటూ ఇటూ మిగిలేది రెండున్నర మి.మీ. చెక్కే. డ్రిల్ కాస్త పక్కకు పోతే చాలు, లామినేట్ ఉబ్బి పైకి లేస్తుంది. తప్పనిసరైతే తాళం వచ్చేచోట రెండువైపులా 6 మి.మీ. ప్లైవుడ్ పట్టీ అంటించి మందం పెంచి ఆ తర్వాతే రంధ్రం వేయించాలి. లోపల బోలుగా ఉండే తలుపులకు బోల్టులు బిగించగానే చెక్క లోపలికి నొక్కుకుపోతుంది. పీవీసీ తలుపుల గురించి ఆలోచించనే వద్దు.

పాత మోర్టైస్ తాళం ఉన్న తలుపైతే దాని పెట్టె కోసం అంచులో ఇప్పటికే పెద్ద గుంత ఉంటుంది. కొత్త లాచ్ రంధ్రం ఆ గుంతలోకి పోకూడదు. కనీసం 15 సెం.మీ. పైకి జరపండి. నాబ్ నేల నుంచి సుమారు మీటరు ఎత్తులో ఉంటే అందరికీ చేతికి అందుతుంది.

పనిముట్లు: డ్రిల్, 10 మి.మీ. బిట్, 25 మి.మీ. ఫ్లాట్ బిట్, స్పిండిల్ (రెండు నాబ్‌లనూ కలిపే చదరపు కడ్డీ) రంధ్రానికి టెంప్లేట్‌లో (రంధ్రాల చోట్లు గీసి ఉన్న కాగితం) చెప్పిన సైజు బిట్, 25 మి.మీ. ఉలి, మూలమట్టం, హ్యాక్‌సా, మాస్కింగ్ టేప్. బెంగళూరు ఎస్పీ రోడ్డులో ఇవన్నీ ఒక్క వీధిలోనే దొరుకుతాయి. పెట్టెలో వచ్చే టెంప్లేట్ కాగితాన్ని వాడేముందు స్కేలుతో సరిచూడండి. చవక తాళాల్లో అది జిరాక్సు కాపీ అయి ఉంటుంది. కాగితం మీద 60 అని రాసి ఉన్నా స్కేలు పెడితే 57 వస్తుంది. ఆ మూడు మి.మీ. తేడాకే స్పిండిల్ లాచ్‌లోని చదరపు కన్నంలో దిగదు.

టెంప్లేట్‌ను తలుపు అంచు దగ్గర మడిచి టేపుతో అంటించాలి. అంచు నుంచి స్పిండిల్ మధ్యకు 60 మి.మీ., కొన్ని లాచ్‌లకు 70. గుర్తులు రెండువైపులా పెట్టి, ఒకవైపు నుంచి సగం, రెండోవైపు నుంచి సగం డ్రిల్ చేయాలి. ఒకే వైపు నుంచి తోసేస్తే అవతల పేళ్లు లేస్తాయి. అంచులో లాచ్ రంధ్రం తలుపు మందానికి సరిగ్గా మధ్యలో, తలుపుకు సమాంతరంగా పోవాలి. డ్రిల్ పట్టుకున్న మనిషి పక్క నుంచి మరొకరు చూసి చెబితే మంచిది. లోతు ఎంతో లాచ్‌ను పక్కన పెట్టి కొలుచుకుని బిట్‌కు టేపు చుట్టుకోండి. తర్వాత లాచ్ ముందు పట్టీ అంచుతో సమంగా కూర్చునేలా ఉలితో 3 మి.మీ. చెక్కాలి. లాచ్ ఏటవాలు ముఖం తలుపు మూసుకునే దిక్కుకు ఉండాలి. తిరగేసి పెడితే తలుపు మూసుకోదు.

స్పిండిల్ విషయంలో తొందర వద్దు. కుడి తలుపుకు ఒకటి, ఎడమ తలుపుకు ఒకటి అని రెండు స్పిండిళ్లు ఇచ్చే తాళాలున్నాయి, రంగు తేడాతో గుర్తుపట్టాలి. తప్పుది వేస్తే కోడ్ కరెక్టుగా నొక్కినా నాబ్ పనిచేయదు. బోల్టుల పొడవు తలుపు మందానికి 20 మి.మీ. కలిపి కోసుకోవాలి. 35 మి.మీ. తలుపుకు 55 అన్నమాట. బయటి భాగంలో సుమారు 10 మి.మీ. మర ఎక్కాలి. అంతకంటే తక్కువైతే పట్టు ఉండదు. రబ్బరు ప్యాడ్లు వేసి, రెండు భాగాలూ నిటారుగా ఉన్నాయో లేదో చూసి, పైబోల్టు కొంచెం, కిందిబోల్టు కొంచెం మార్చి మార్చి బిగించండి. విపరీతంగా బిగిస్తే నాబ్ తిప్పాక వెనక్కి రాదు. అలా జరిగితే పావు చుట్టు వదులు చేసి చూడండి.

కోడ్ పరీక్షించేటప్పుడు తలుపు తెరిచే ఉండాలి. పదిసార్లు నొక్కండి, మధ్యలో తప్పు నొక్కి సి వాడి చూడండి, కోడ్ లేకుండా నాబ్ తిప్పితే లాచ్ కదలకూడదు. ఇదంతా అయ్యేదాకా తలుపు మూయొద్దు.

ఇక స్ట్రైక్ ప్లేట్, అంటే లాచ్ పడే కన్నంతో ద్వారబంధానికి బిగించే ప్లేటు. సరిగ్గా గమనించకపోతే మొత్తం పని దండగయ్యేది ఇక్కడే. లాచ్ పక్కన ఒక చిన్న పిన్ను ఉంటుంది. తలుపు మూసినప్పుడు ఆ పిన్ను ప్లేటుకు తగిలి లోపలికి నొక్కుకుని ఉండాలి, లాచ్ ఒక్కటే కన్నంలో పడాలి. అప్పుడే కార్డు దూర్చి లాచ్‌ను వెనక్కి తోయడం సాధ్యం కాదు. కన్నం పెద్దదిగా చెక్కితే పిన్ను కూడా అందులో పడిపోతుంది. తలుపు పడినట్టే ఉంటుంది, కోడ్‌తో బాగానే తెరుచుకుంటుంది, కానీ పాత ప్లాస్టిక్ కార్డుతో ఎవరైనా తెరిచేయొచ్చు. తలుపు మూసి బయట నుంచి మీరే ఒకసారి కార్డు దూర్చి చూడండి. లాచ్ కదిలిందంటే, పిన్ను కన్నంలో పడకుండా ప్లేటు మీదే ఆగేలా ప్లేటును ఒకటి రెండు మి.మీ. జరపాల్సిందే.

బెంగళూరులో మే నుంచి అక్టోబరు దాకా వానల్లో చెక్క ఉబ్బుతుంది. ఎండాకాలంలో సరిపోయిన తలుపు సెప్టెంబరుకు బంధాన్ని రాస్తుంది. లాచ్ మీద ఒత్తిడి పడితే కోడ్ నొక్కినా నాబ్ బిగుసుకుపోతుంది. ముందు తలుపును చేత్తో కొంచెం లాగి లేదా తోసి పట్టుకుని తిప్పితే వస్తుంది. ఇది రోజూ జరుగుతుంటే తాళాన్ని తిట్టకుండా బందుల స్క్రూలు బిగించి, తలుపు చుట్టూ 3 మి.మీ. సందు ఉండేలా చిత్రిక పట్టించండి. టెర్రస్ తలుపుకు డోర్ క్లోజర్ కూడా ఉండాలి, లేకపోతే గాలికి సగమే మూసుకుని తెరిచే ఉండిపోతుంది.

కోడ్ మార్చడానికి చాలా మోడళ్లలో తాళాన్ని తలుపు నుంచి విప్పాలి. విప్పకుండానే మార్చే మోడళ్లూ ఉన్నాయి. పీజీకి అవే కొనడం మేలు, లేకపోతే బద్ధకించి ఏళ్ల తరబడి ఒకే కోడ్ నడుపుతారు. విప్పేరకమైతే ఒక పళ్లెంలో గుడ్డ పరిచి దానిమీద పెట్టి వెనక ప్లేటు తీయండి. సన్నని స్ప్రింగులు ఎగిరిపోతాయి. లోపల రెండు రంగుల టంబ్లర్లు (బటన్‌కొకటి చొప్పున ఉండే చిన్న ముక్కలు) ఉంటాయి, ఒక రంగువి కోడ్‌లోని బటన్లకు, రెండోవి మిగతావాటికి. పట్టకారుతో వాటి చోట్లు మార్చి, గాడి ఉన్న వైపు పాతవాటిలాగే ఉందో లేదో చూసి, ప్లేటు బిగించి చేతిలోనే పరీక్షించాకే తలుపుకు ఎక్కించాలి.

బటన్ల సందుల్లో కొబ్బరినూనె, గ్రీజు పోయకండి. దుమ్ము పట్టి బటన్లు నొక్కితే అలాగే ఉండిపోతాయి. లాచ్‌కు మాత్రం కాస్త గ్రాఫైట్ పొడి చాలు. రోజూ వాడే బటన్లు మెరుగెక్కి మిగతావి మసకగా ఉంటే కోడ్ బయటపడినట్టే, వెంటనే మార్చండి. తలుపు పక్కన గ్రిల్ కిటికీ ఉంటే, అందులోంచి చెయ్యి పెట్టి లోపలి నాబ్ తిప్పగలరేమో చూసుకోండి. అందేలా ఉంటే కిటికీకి మెష్ కొట్టించాకే ఈ తాళం పెట్టించండి.