ట్రిపుల్ ఐ డీ సభ్యత్వం: చాలా ఏళ్ల తర్వాత నా అభిప్రాయం

కోర్సు పూర్తిచేసి సొంతంగా పనులు పట్టుకుంటున్న అమ్మాయిలు నన్ను తరచూ అడుగుతుంటారు, "అక్కా, ట్రిపుల్ ఐ డీలో చేరితే ఏమొస్తుంది?" అని. ట్రిపుల్ ఐ డీ అంటే ఇంటీరియర్ డిజైనర్ల సంఘం. దాని హైదరాబాద్ చాప్టర్‌లో, అంటే ఇక్కడి శాఖలో, ఏళ్ల తరబడి ఉన్నాను కాబట్టి ఉన్నదున్నట్టు చెప్తాను. పనులు రావు. సభ్యత్వం ఉందా అని ఇప్పటిదాకా ఏ క్లయింటూ నన్ను అడగలేదు. కానీ ఈ వృత్తిలో నిలదొక్కుకోవడానికి ఇంతకంటే మంచి చోటు నాకు దొరకలేదు.

ఈ సంఘం, పూర్తి పేరు ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియన్ ఇంటీరియర్ డిజైనర్స్, 1972లో మొదలైంది. ఆర్కిటెక్టుల చట్టం వచ్చిందీ ఆ ఏడాదే. కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో నమోదు కానివాళ్లు ఆర్కిటెక్ట్ అని బోర్డు పెట్టుకుంటే ఆ చట్టం ఒప్పుకోదు. ఇంటీరియర్ డిజైనర్లకు అలాంటి చట్టమేదీ లేదు, ఎవరైనా బోర్డు పెట్టుకోవచ్చు. సంఘం తన సభ్యులకు నియమాలు పెట్టగలదు గానీ బయటివాళ్లను ఏం చేయగలదు? అసలు లోటు ఇదే. అప్పు చేసి ఫ్లాట్ కొనుక్కున్న కుటుంబం దీనికి మూల్యం చెల్లిస్తోంది.

నాకు దక్కిన పెద్ద లాభం, సీనియర్ల దగ్గర కొటేషన్ రాయడం నేర్చుకోవడం. డిజైన్ ఫీజు వేరు, పని ఖర్చు వేరు, వాటిమీద 18 శాతం జీఎస్టీ వేరు. అన్నీ విడివిడిగా కనిపించాలి. ప్లైవుడ్ షాపువాళ్లు ఇచ్చే కమీషన్ ముట్టుకోకుండా పనిచేయాలంటే ఫీజు గట్టిగా అడగడం రావాలి. ఆ ధైర్యం నాకు వాళ్లను చూశాకే వచ్చింది.

ఇంకొకటి, స్క్వేర్ ఫీట్ చొప్పున ధర కట్టే లెక్క. 6 అడుగుల వెడల్పు, 7 అడుగుల ఎత్తు వార్డ్‌రోబ్ అంటే ముందు వైపు కొలతతో 42 స్క్వేర్ ఫీట్. లోపలి డ్రాయర్లు ఆ ధరలోనే వస్తాయా? పైన లాఫ్ట్? అద్దం? డ్రాయర్లు జారే ఛానెళ్లు, తలుపుల హింజెస్ ఏ కంపెనీవి? ఇవి రాయని కాగితం మీద సంతకం పెట్టించవద్దని ఒక పెద్దాయన చెప్పారు, అప్పటినుంచీ అదే పాటిస్తున్నాను. ఆయనే ఒక సైట్‌లో కోసిన ప్లైవుడ్ అంచును వెలుతురుకు పెట్టి, పొరల మధ్య ఖాళీలు ఎలా కనిపెట్టాలో చూపించారు. సింకు కింద వాడే షీటు మీద ఐఎస్ 710 ముద్ర, అంటే తడిని తట్టుకునే మెరైన్ ప్లైవుడ్ గుర్తు, ఉందో లేదో చూసి, ఆ తర్వాత అంచు కూడా చూడాలన్నారు. ముద్ర ఒక్కటే సరిపోదు.

ఒక క్లయింట్ చివరి విడత డబ్బు ఆపేసినప్పుడు కూడా చాప్టర్‌లో పరిచయమైనవాళ్లే పక్కన నిలబడ్డారు. నోటీసు ఎలా రాయాలో, ఏయే ఫొటోలు జతచేయాలో దగ్గరుండి చెప్పారు.

సంఘాన్ని నేను గట్టిగా కోరేది ఒకటుంది. మన డ్రాయింగులను చెక్కలోకి తెచ్చేది కార్పెంటర్లు. హైదరాబాద్‌లో వాళ్లలో చాలామంది రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌ల నుంచి వచ్చి సైట్‌లోనే వండుకుని పడుకుంటారు. వాళ్ల కంటికీ ఊపిరితిత్తులకూ రక్షణ, సకాలంలో కూలి కూడా వృత్తి ప్రమాణాలే కావాలి. అవార్డు ఫొటో పక్కన పనిచేసిన మేస్త్రి పేరు రావాలి.

చేరాలనుకునేవాళ్లు ముందు ఒకటి రెండు సమావేశాలకు వెళ్లి చూడండి. సీనియర్లతో సైట్ మాటలు మాట్లాడండి. ఆ మాటలు నచ్చితే ఫీజు కట్టండి. విజిటింగ్ కార్డు మీద పేరు పక్కన అక్షరాల కోసమే అయితే ఆ డబ్బుతో కొలతలు తీసే మంచి లేజర్ మీటర్ కొనుక్కోండి.